మూడు గాట్ల తుమ్మమొద్దు

ఆ రోజుల్లో నాకు ఊరికే వచ్చే వస్తువంటే చచ్చేంత ఇష్టం. పరాయి దొడ్లో జామకాయలు కోసుకునే వయసు కాదు లెండి, అప్పటికే ఇరవై రెండు నిండాయి, మీసం కూడా వచ్చింది, అయినా ఆ జబ్బు మాత్రం పోలేదు. ఇప్పుడు స్నానాల గదిలో మీట నొక్కితే వేడినీళ్ళొస్తున్నాయి. "ఇక ఆపెయ్యండి, కరెంటు ఊరికే రాదు" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసినప్పుడల్లా నాకు ఆ తుమ్మమొద్దు గుర్తొచ్చి నాలో నేను నవ్వుకుంటాను. ఆ నవ్వు ఎందుకో ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు (చెబితే ఇంట్లో నా పరువు ఇంకాస్త తగ్గుతుంది). మీకైతే ఫర్వాలేదు.

డిగ్రీ అయ్యాక నాకు గుంటూరు పక్కన ఒక పత్తి మిల్లులో ఉద్యోగం దొరికింది. మిల్లుకి సైకిలు మీద వెళ్ళేంత దూరంలో మా పెద్దమ్మవాళ్ళ ఊరు ఉండటంతో అక్కడే దిగాను. తిండికి ఏదో ఒకటి ఇస్తానని మొదటి నెలలో నోరు జారితే పెద్దమ్మ చీపురు తీసింది. "తోడబుట్టినదాని కొడుకు దగ్గర కూటికి డబ్బులు తీసుకుంటానంట్రా?" అని ఊరంతా వినపడేట్టు అరిచింది. పెదనాన్న మాత్రం తాపీగా, "వాడికంత బరువుగా ఉంటే నీళ్ళపొయ్యి వాడికి అప్పజెప్పవే" అన్నాడు. అలా ఆ ఇంట్లో నాకు రెండో ఉద్యోగం కూడా దొరికింది.

నీళ్ళపొయ్యంటే పెరట్లో మూడు రాళ్ళు, వాటి మీద మసిపట్టిన పెద్ద కాగు. గ్యాసు ఉంది గానీ అది వంటకే. గ్యాసు మీద స్నానాలకి నీళ్ళు కాచడం పెద్దమ్మ దృష్టిలో మహాపాపం. ధనుర్మాసం చలిలో పెదనాన్న తెల్లవారకుండానే లేచి పొయ్యి ముందు చేతులు కాచుకుంటూ కూర్చునేవాడు. "నీళ్ళు ఒంటి మీద పడితే చుర్రుమనాలిరా. లేకపోతే అది స్నానం కాదు, తడవడం" అనేవాడు. ఆయన ఒంటికి చుర్రుమనే వేడి తెప్పించడం మామూలు పని కాదు. మా వైపు ఊరికే దొరికేది పత్తికంప, మిరపకంప. పత్తికంప భగ్గుమని లేచి, నీళ్ళకి తెలిసేలోపే చల్లారిపోతుంది. మిరపకంప సంగతి చెప్పనే అక్కర్లేదు, కొమ్మకి ఒక్క ఎండుకాయ మిగిలినా చాలు, ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాల్సిందే. రోజూ మోపులకి మోపులు తగలేసినా "ఏరా, ఇవాళా తడిపావా నన్ను?" అన్న మాట తప్పేది కాదు.

ఆ ఏడు వానల్లేక ఊరిచివరి కుంట ఎండి నెర్రెలిచ్చింది. ఒక ఆదివారం కంప కోసం తిరుగుతూ అటు వెళితే, అడుగున సగం మట్టిలో కూరుకుపోయి నల్లగా నిగనిగలాడుతూ ఒక తుమ్మమొద్దు కనిపించింది. రెండు బారల పొడవు, నా నడుమంత లావు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. వరదకి ఎప్పుడో కొట్టుకొచ్చి ఉంటుందనుకున్నాను (ఆ కుంటకి వరదెక్కణ్ణించి వస్తుందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు). మొద్దు ఒక చివర వరసగా మూడు గాట్లున్నాయి. 'పాపం, ఎవడో నాకంటే ముందు మూడు దెబ్బలేసి, చేతగాక వదిలేసి పోయాడు' అని జాలి కూడా పడ్డాను. మిల్లు ట్రాక్టరు డ్రైవరుని బతిమాలి, గొలుసు కట్టించి, పెదనాన్న పొలంలో ఉన్న వేళ దాన్ని పెరట్లోకి ఈడ్పించాను.

ఇక నరకడం. మొదటి దెబ్బకి గొడ్డలి టంగుమని లేచొచ్చింది, మొద్దు మీద గీత కూడా పడలేదు. రెండోరోజు గొడ్డలి కామ విరిగింది. మూడోరోజు అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే పెద్దమ్మ ముద్దలు పెట్టింది. "ఎందుకురా నాయనా ఈ తిప్పలు, కంప లేదా?" అని ఆవిడ అంటుంటే, "ఊరికే వచ్చింది పెద్దమ్మా!" అని ముద్ద మింగుతూనే గొప్పగా చెప్పాను. మొత్తానికి పది రోజుల్లో సగం మొద్దు పేళ్ళయింది. మూడు గాట్లున్న రెండో సగం ముడులు తేలి ఎంతకీ లొంగలేదు. ఒకచోట గొడ్డలి లోతుగా దిగి ఇరుక్కుపోతే, దాన్ని ఊడబీక్కునేసరికి నా ప్రాణం కడబట్టింది. విసుగొచ్చి దాన్ని పొయ్యి పక్కకి దొర్లించాను. మర్నాటి నుంచి పెదనాన్న దాని మీదే కూర్చుని చలి కాచుకోవడం మొదలుపెట్టాడు. "బల్ల భలే కుదిరిందిరా!" అన్నాడు.

ఆ తుమ్మ నిప్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు పేళ్ళు పెడితే కణకణలాడుతూ కాగు అడుగున నిలిచిపోయేది. పెదనాన్న ఒళ్ళంతా ఎర్రబడి, పొగలు కక్కుతూ బయటికొచ్చి, "ఇదిరా స్నానమంటే! ఎక్కడ పట్టావురా ఈ కట్టె?" అని వీపు చరిచాడు. "అలా దొరికిందిలే పెదనాన్నా" అని మెలికలు తిరిగాను. ఇరవై రోజులు ఆ ఇంట్లో నా అంత మొనగాడు లేడు.

పెదనాన్న అప్పుడు పాతింటి పక్కనే రెండు గదుల డాబా వేయిస్తున్నాడు. గోడలు లేచాయి, ద్వారబంధం నిలబెట్టడానికి ముహూర్తం దగ్గర పడింది. ఒకరోజు పొద్దున్నే ఊళ్ళో అందరూ ఉలి బాబాయని పిలిచే వడ్రంగి వచ్చాడు. పెదనాన్నా ఆయనా కలిసి ఎటో వెళ్ళి అరగంటలో తిరిగొచ్చారు. పెదనాన్న మొహం కందగడ్డలా ఉంది. "ఆరేళ్ళే! ఆరేళ్ళు కుంటలో నానేశాను, పురుగు పట్టకుండా! ఎవడో ఎత్తుకుపోయాడు!" అన్నాడు పెద్దమ్మతో. "మనదని తెలియాలని నేనే ఉలితో మూడు గాట్లు పెట్టాను గదా మావా" అన్నాడు ఉలి బాబాయి. నా చేతిలో వేడినీళ్ళ బకెట్టు ఉంది. అది అక్కడే దించేశాను.

అంతటితో ఆగినా నేను నోరెత్తేవాణ్ణి కాదేమో, నిజం చెప్పాలి కదా. కానీ పెదనాన్న చేతికర్ర అందుకున్నాడు. "ఆ కుంటలో తిరిగేది గొర్రెల తాత ఒక్కడే. వాడే అమ్మేసుంటాడు. ముప్పై ఏళ్ళుగా నా చేలో మంద కడుతున్నాడు, నా ఇంట్లో అన్నం తిన్నాడు! ఇవాళ్టితో సరి" అంటూ గేటు దాటబోయాడు. గొర్రెల తాత ఎలాంటివాడో నాకు తెలుసు. దారిలో కనిపిస్తే నా సైకిలాపి, "మిల్లు పనేనా అబ్బాయా, తిన్నావా?" అని అడిగే మనిషి. భయం వేసింది, భయం కంటే సిగ్గు ఎక్కువేసింది. పరిగెత్తి గేటుకి అడ్డం నిలబడ్డాను.

"పెదనాన్నా, ఆగు. తాత కాదు. నేనే."

"నువ్వేంట్రా?"

పొయ్యి వైపు చూపించాను. ఉలి బాబాయి వెళ్ళి, పెదనాన్న రోజూ కూర్చునే బల్ల చివర మసి తుడిచాడు. మూడు గాట్లు బయటపడ్డాయి. పెదనాన్న ఆ బల్లనీ, పొయ్యినీ, పొగలొస్తున్న బకెట్టునీ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇన్నాళ్ళూ నేను పోసుకుంది..."

"మన గుమ్మమే పెదనాన్నా."

ముందు పెద్దమ్మ నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగక, "ఆరేళ్ళు నానేసి ఇరవై రోజుల్లో ఒంటి మీద పోసేసుకున్నావు గదయ్యా!" అంటూ అరుగు మీద కూలబడింది. ఉలి బాబాయి అటు తిరిగి దగ్గాడు. పెదనాన్న మాత్రం నవ్వలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ చలిలో చన్నీళ్ళే పోసుకున్నాడు. స్నానాల గదిలోంచి ఆయన పళ్ళు టకటకలాడటం వినిపిస్తుంటే నాకు ఏడుపొచ్చేది. నాలుగోనాడు తెల్లవారుజామున నా మంచం దగ్గరికొచ్చి, "లేరా. నీళ్ళు పెట్టు. కంపతోనే పెట్టు" అన్నాడు.

ద్వారబంధానికి టేకు కొన్నారు. గడపకి మాత్రం నాకు లొంగని ఆ సగం మొద్దు సరిపోయింది. గొడ్డలి దిగిన గాటు లోతుగా ఉందని, చెక్కముక్క అతికి పూడుస్తానని ఉలి బాబాయి అంటే పెదనాన్న ఒప్పుకోలేదు. "ఉండనీరా, కళ్ళెదురుగా ఉంటే వాడికి బుద్ధొస్తుంది" అన్నాడు.

మొన్న వెళితే వాళ్ళింట్లోనూ గీజరుంది. పెద్దమ్మ గడపకి పసుపు రాస్తోంది, గాట్లోకి వేలు పెట్టి మరీ కూరుతోంది. "నీ దెబ్బకి సగం గిన్నె పసుపు ఇక్కడికే పోతుందిరా" అంది నన్ను చూసి. అది ఆరిందో లేదో పెదనాన్న వచ్చి గడప మీద చతికిలబడ్డాడు. "గడప మీద కూర్చోకూడదయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని పెద్దమ్మ కసిరితే, "పోవే! ఇది గడప కాకముందు నుంచీ నేను దీని మీద కూర్చుంటున్నా" అన్నాడు. పక్కకి జరిగి నాకూ చోటిచ్చాడు. కూర్చుని ఆ గాట్లో వేలు పెట్టి చూశాను. రెండు కణుపులు దిగింది. ఆ గొడ్డలి పట్టిన ఇరవై రెండేళ్ళ తెలివితక్కువవాడి మీద నాకు కోపం రాలేదు, వాడి చేతుల్లో అంత బలం ఉండేదా అని మాత్రం అనిపించింది.