శాంతమూర్తి కాదు, మా నర్సమ్మ గారు

నర్సమ్మ గారు పోయారు. మొన్న బుధవారం తెల్లారి పాలగిన్నె పట్టుకుని అరుగు మీద నిలబడి ఉన్నాను. పాలాయన సైకిలు దిగకుండానే, "నర్సమ్మ గారు లేరటండీ, ఇందాకే పోయారట" అన్నాడు. గిన్నె ఎక్కడ పెట్టానో తెలియదు. చెప్పులు కూడా వేసుకోకుండా కాలవగట్టు వెంట పరుగెత్తాను. డెబ్బై రెండేళ్ల ముసలాణ్ణి, పరుగెత్తాను చూడండి! ఒకప్పుడు మంచం మీద పక్కకి తిరగాలన్నా మనిషి సాయం కావలసినవాణ్ణి. ఆ పరుగు ఆవిడ పెట్టిన భిక్షే. దారిలో అది తట్టేసరికి పట్టలేక బిగ్గరగా ఏడ్చేశాను.

ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. హిందువులం మేం కూడా చాలామందిమి వెళ్లాం. ఆవిడ ఫొటో ఉన్న కాగితం అందరికీ పంచారు. ఫొటో కింద ఏమని అచ్చు వేశారో తెలుసా? "శాంతమూర్తి. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి." నా ఒళ్లు మండిపోయింది. ఎవరండీ శాంతమూర్తి? ఆవిడ బతికినన్నాళ్లూ "అమ్మో, ఆ నర్సమ్మ నోరు మంచిది కాదు" అని తలుపులు వేసుకున్నవాళ్లే అక్కడ ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు.

ఆవిడ మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "బాబాయ్ గారూ, చిన్న పుస్తకం వేస్తున్నామండి, మీరూ నాలుగు ముక్కలు రాయాలి" అన్నాడు. నేను అయిదో తరగతితో బడి ఆపేసిన అరటితోట రైతుని. వేరే రోజైతే చేతులు జోడించి తప్పుకునేవాణ్ణి. ఆ కాగితం చూశాక మాత్రం, రాస్తాను బాబూ, తప్పకుండా రాస్తాను అన్నాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆవిడ రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లకు పైగా నర్సుగా చేసి, రిటైరయ్యాక మా ఊరు వచ్చి కాలవ పక్కన ఇల్లు కట్టుకున్నారు. తెల్ల చీర, నల్ల గొడుగు, పురుషుల వాచీ. ఎంత తిట్టినా 'అండి' మాత్రం వదిలేవారు కారు. "బుద్ధుందా అండీ మీకు? తల తిరిగితేనే బీపీ మాత్ర వేసుకుంటారా? మాత్ర ఏమన్నా పెళ్లికి కట్టుకునే పట్టుచీరా, ఎప్పుడో ఒకప్పుడు బయటికి తీయడానికి?" అని మా వీధి పెద్దావిడని రామాలయం ముందే కడిగేశారు. విరేచనాలవుతున్న పసివాడికి నీళ్లు పట్టకూడదని ఎవరో చెప్పారని ఒక ఇంట్లో పిల్లాడి నోరు ఎండబెడుతుంటే, పిలవకుండానే లోపలికి వెళ్లి, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు తాగించి, ఆ ఇంటి పెద్దల్ని వరసబెట్టి తిట్టి వచ్చారు. పిల్లాడు బతికాడు. ఆ ఇంటివాళ్లు ఆవిడతో ఏడాది మాట్లాడలేదు.

ఇక నా సంగతి. తొంభయ్యారు తుపాను మా తోటల్ని నేలమట్టం చేసిన మరుసటి ఏడు నాకు కీళ్లవాతం పట్టుకుంది. ఆసుపత్రిలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. పొద్దున్న లేస్తే వేళ్లు అరటికాయల్లా ఉబ్బి ఉండేవి. పది దాటితే గాని గుప్పిట మూసుకునేది కాదు. రెండేళ్లకి అదీ లేదు. పంచె కట్టుకోలేను, అన్నం కలుపుకోలేను. ఇంటావిడ అప్పటికే పోయింది. రావులపాలెంలో కాపురం ఉంటున్న నా కూతురు రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, వండి, కలిపి, ముద్దలు నోట్లో పెట్టి వెళ్లేది. ఒక్కతే కూతురు నాకు. బంగారం అంటే చిన్నమాట.

ఆసుపత్రి మాత్రలు కడుపులో మంట పెడుతున్నాయని నేనే మానేశాను. ఇంక నా కూతురు బస్సుల్లో ఎవరు ఏ వైద్యం చెబితే అక్కడికల్లా తీసుకెళ్లింది. పసరు కట్లు కట్టించింది. రాగి కడియం తొడిగించింది. ఉప్పాడ తీసుకెళ్లి వేడి ఇసకలో నన్ను నడుం దాకా పాతిపెట్టి, తన చీర కొంగు నా నెత్తిన గొడుగులా పట్టుకుని గంటసేపు నిలబడింది. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు, "ఏంటమ్మా, నాన్నగారిని నాటేస్తున్నావా?" అని నవ్వారు. "అవునండీ, మొలకెత్తుతాడేమోనని" అంది నా కూతురు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

చివరికి ఏటి అవతల ఒక వైద్యుడు దొరికాడు. వాడి పేరు నేను రాయను, వాడికి పేరొకటా! నల్లటి పొడి పొట్లాలు, తేనెలో నాకాలి. ఉప్పు సగం, పులుపు అసలు వద్దు. ఇంగ్లీషు వైద్యుల గడప తొక్కితే మందు విరిగిపోతుందన్నాడు. మూడో రోజుకి నేను లేచి నడిచాను! కాలవగట్టు దాకా వెళ్లి, వచ్చేపోయేవాళ్లందరికీ దండాలు పెట్టాను. నెల తిరక్కుండా బుగ్గలొచ్చాయి. "నిగ్గుదేలావయ్యా, పెళ్లికొడుకులా ఉన్నావు" అన్నారు ఊళ్లోవాళ్లు. నేను పొంగిపోయాను. నర్సమ్మ గారొక్కరే గొడుగు మడిచి నా మొహంలోకి చూసి, "ఏం మింగుతున్నారండీ అన్నయ్యగారూ?" అన్నారు. "ఏం లేదమ్మా, దేవుడి దయ" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత ఆవిడ ఎదురొస్తే సందులోకి తిరిగేవాణ్ణి. ఇంగ్లీషు మందులవాళ్ల కన్ను పడకూడదని నా భయం. ఎంత వెధవనో చూడండి.

ఏడాదిన్నర గడిచింది. ఒకసారి ఆ వైద్యుడు యాత్రలకి వెళ్లి పది రోజులు తలుపు తీయలేదు. పొట్లాలు అయిపోయాయి. నాలుగో రోజుకి నేను మంచం మీంచి లేవలేకపోయాను. వాంతులు, కళ్లు బైర్లు, కీళ్లన్నీ నిప్పులు. వాడు తిరిగి రాగానే కూతురూ అల్లుడూ నన్ను కారులో పడుకోబెట్టి తీసుకెళ్లారు. వాడు నన్ను ముట్టుకోనైనా లేదు. "ఇంట్లో వండేది ఎవరు?" అన్నాడు. నా కూతురు ముందుకొచ్చింది. "పథ్యం చెడింది. నిజం చెప్పమ్మా."

"నాన్న సరిగ్గా తినట్లేదని, చారులో రవ్వంత చింతపండు పిండానండి. రెండే సార్లండి," అంది.

"చూశారా? ఏడాదిన్నర మందుని ఈ అమ్మాయి రెండు పూటల్లో విరిచేసింది."

ఆ మాటకి నా కూతురు వాడి కాళ్ల మీద పడింది. "తప్పైపోయిందండీ, మా నాన్నని బతికించండి" అని నేలకి తల ఆనించి ఏడ్చింది. నేనేం చేశానో తెలుసా? "నా కాళ్లు విరగ్గొట్టింది నువ్వేనమ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. రాస్తుంటే ఇప్పుడు కూడా ఈ చేతిని నరుక్కోవాలనిపిస్తుంది. వాడి మీద నా కోపం ఎంతో, నా మీద నాకు అంతకు రెట్టింపు. పథ్యం చెడిన ఒంటికి సగం మోతాదేనంటూ వాడు మళ్లీ పొట్లాలిచ్చాడు గాని, ఈసారి నేను మంచం దిగలేదు.

నేను మళ్లీ నడిచేదాకా చింతపండు ముట్టనని ఆ పిల్ల మనసులో మొక్కుకుందట. మాకెవరికీ చెప్పలేదు. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి పులుసు మానేసిందంటే దాదాపు అన్నం మానేసినట్టే. కొన్నాళ్లకి ఒకనాడు తను మా ఇంటికి మజ్జిగ తోడు కోసం నర్సమ్మ గారింటికి వెళితే, ఆవిడ అప్పుడే దించిన చేపల పులుసు వేసి అన్నం పెట్టారు. నా కూతురు కంచం వెనక్కి జరిపింది.

"ఏంటమ్మాయ్, మా ఇంటి కూర పనికిరాదా? ఇన్నాళ్లకి ఇవాళ కులం గుర్తొచ్చిందా?" అన్నారట ఆవిడ, చురుక్కుమని.

"అయ్యో అది కాదత్తా!" అని నా కూతురు భోరుమంది. మొత్తం కక్కేసింది.

వడ్డించిన అన్నం అలాగే వదిలేసి వచ్చారు నర్సమ్మ గారు. గుమ్మంలోంచే మొదలుపెట్టారు. "లేవకండి, ఎలాగూ లేవలేరు. ఆ పొట్లం ఏదండీ?"

"ఆకుమందు అమ్మా. మీకు మన మందులంటే పడదు..."

"ఆకుమందంటే నాకెందుకు పడదండీ? మా అమ్మ వావిలాకు కాపడం పెట్టేది. మీరూ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఆకు అని చెప్పి స్టీరాయిడ్ మాత్రలు నూరి మింగించేవాడంటే పడదు నాకు! మూడు రోజుల్లో లేపి నడిపించే ఆకు ఎక్కడుందండీ? మీ అరటిచెట్టు మూడు రోజుల్లో గెలేస్తుందా? అవి బుగ్గలు కావు, వాపు. చెయ్యి చూసుకోండి, ముట్టుకుంటే కమిలిపోతోంది. పొట్లం ఒక్కసారిగా ఆగింది కాబట్టి పడిపోయారు. చింతపండు ఏం చేసిందండీ పాపం?"

పొట్లాలు తలగడ కింద ఉన్నాయని గడ్డంతో చూపించాను.

"మందులో ఉన్న దొంగని వంటింట్లో వెతుకుతారా? కన్నకూతురు పోయి వాడి కాళ్ల మీద పడుతుంటే మీ కళ్లు ఏం చేస్తున్నాయండీ?"

ఆవేశంగా పొట్లాలన్నీ కాలవలో పారేయమన్నాను. దానికీ తిట్టారు. ఉన్నపళాన మానేస్తే ప్రాణం మీదికొస్తుందని, మర్నాడే తను పనిచేసిన ఆసుపత్రికి పొట్లంతో సహా తీసుకెళ్లారు. పెద్ద డాక్టరు గారు రక్తపరీక్షలు చేసి అదే మాట అన్నారు. ఆ స్టీరాయిడ్ మందునే లెక్కగా ఇచ్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. దానితోపాటు వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర రాశారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదమట. అందుకని ఆ సీసా నర్సమ్మ గారు తన బీరువాలో పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి, బైబిలు సంచి ఒళ్లో పెట్టుకుని, నేను మింగేదాకా కూర్చునేవారు. "నాలిక ఎత్తండి. కింద దాచలేదు కదా?" అని చూసి మరీ వెళ్లేవారు. నెల నెలా రక్తపరీక్షకి పంపించేవారు. ఒకసారి బద్ధకించి వెళ్లకపోతే ఆ వారం నాతో మాట్లాడలేదు. తిట్లకంటే అదే ఎక్కువ బాధించింది.

వేళ్లు కొంచెం వంకరగానే ఉండిపోయాయి, ముసురు పడితే మోకాళ్లు ఇప్పటికీ సలుపుతాయి. అయితేనేం! దాదాపు ఆరు నెలలకి ఒక పొద్దున్న మంచం దిగి నాలుగడుగులు నడిచాను, నా గుప్పిట కూడా మూసుకుంది. ఆ సంతోషం ఏమని చెప్పను! నేను ఆ రోజు చేసిన మొదటి పని, చింతపండు నానబెట్టి నా చేత్తో నేనే పిసకడం. పులుసు పెట్టి, కూతురు బస్సు దిగి రాగానే కంచంలో వడ్డించి, "తప్పు నాదమ్మా. నీది కాదు. ఏనాడూ నీది కాదు. తిను" అన్నాను. ఒక ముద్ద తింది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. "ఉప్పు ఎక్కువైంది నాన్నా" అంది. నవ్వాం, ఏడ్చాం, గిన్నె ఖాళీ చేశాం. ఆ సంగతి చెబితే నర్సమ్మ గారు ఏమన్నారనుకున్నారు? "సరే గాని, అంత ఉప్పేంటండీ ఈ వయసులో!"

అలాంటి మనిషి ఎలా పోయారో తెలుసా? నాలుగు రోజుల నుంచి గుండెల్లో బరువుగా ఉంటే "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి ఊరుకున్నారట. మేనల్లుడికి కూడా చెప్పలేదట. ఊరందరి నాలికలూ ఎత్తించి చూసిన మనిషి! నర్సమ్మ గారూ, మీ మీద కూడా నాకు చాలా కోపంగా ఉందండీ. మిమ్మల్ని తిట్టేవాళ్లు ఒక్కళ్లు లేకపోయారు. నేనైనా తిట్టి ఉండాల్సింది.

కూడికయిన మర్నాడు, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బస్సెక్కి ఆ వైద్యుడి ఊరు వెళ్లాను. వాడు ఇంకా ఉన్నాడు. ఇల్లు మేడ అయింది. వరండా నిండా జనం. మధ్యలో నిలబడి నా చేతులు పైకెత్తి, అంతా చెప్పాను. పొడి సంగతి, వాపు సంగతి, నా కూతురి సంగతి, నన్ను నిలబెట్టిన రాజమండ్రి ఆసుపత్రి సంగతి. గొంతు పోయేలా చెప్పాను. వాడి మనిషి ఒకడు వచ్చి నా రెక్క పట్టుకుని, "ఏంటి పెద్దాయనా, పథ్యం చెడగొట్టుకుని మా మీద పడతావేంటి?" అని గేటు బయటికి నెట్టాడు. జనం నవ్వారు. కొందరు తల తిప్పుకున్నారు.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. వెనకాల నుంచి ఒకాయన తన తల్లిని దాదాపు మోసుకుంటూ వచ్చాడు. "మా అమ్మకీ రెండేళ్ల నుంచి ఇదే పొడండి. మొహం ఇలాగే ఉబ్బిందండి. ఆ ఆసుపత్రికి ఏ బస్సెక్కాలండీ?" అన్నాడు.

"నేనూ వస్తాను పదండి" అన్నాను. "ఆ పొట్లాలు పారేయకండి, డాక్టరుకి చూపించాలి. ఆయన చెప్పేదాకా మానేయకండి కూడా."

రాజమండ్రి బస్సు వచ్చింది. నేను ముందెక్కి చెయ్యి చాచాను. ఆ పెద్దావిడ చెయ్యి నా చేతిలో పెట్టింది. కణుపులన్నీ వేడిగా, ఉబ్బిపోయి ఉన్నాయి. నొప్పి పుట్టకుండా మణికట్టు దగ్గర పట్టుకున్నాను. కింది నుంచి కొడుకు ఎత్తుతున్నాడు. ఈలోగా కండక్టరు విజిలు వేశాడు.

"ఆపండి! బుద్ధుందా అండీ మీకు? మనిషి ఎక్కుతోంది, కనబడట్లేదా?" అని అరిచాను. బస్సంతా నావైపు తిరిగింది.

"ఎవర్రా ఈయన, ఇంత కోపం?" అంది ఆ పెద్దావిడ కొడుకుతో.

ఆవిడ రెండో కాలు మెట్టెక్కేదాకా బస్సు కదల్లేదు.