బాపును టీవీ భాషలో అడిగిన రోజు

ఆ రోజుల్లో మా ఘుగ్గుస్ బొగ్గుగని క్వార్టర్లలో తండ్రులు పిల్లలతో మాట్లాడేవాళ్లు కాదు, పనులు చెప్పేవాళ్లు. "నీళ్లు తే", "తలుపెయ్", "చదువు". మా బాపు నాతో అనే మాటలు దాదాపు ఇంతే. అలాంటి ఇంట్లోకి టీవీ వచ్చింది. మా జిల్లా రెండుగా చీలి గడ్చిరోలి వేరుపడిన కొత్తలవి. ("అడివి ఆళ్లకిచ్చిండ్రు, బొగ్గు దుమ్ము మనకిచ్చిండ్రు" అని ఆ పంపకాల వార్తను కాలనీ అంతా చాటింది పక్కింటి అత్త. ఆమెకు మేం పెట్టుకున్న పేరు రేడియో అత్త.) వారానికోసారి హిందీలో ఒక కుటుంబం కథ వచ్చేది. అందులో భార్య భర్తను పేరు పెట్టి పిలిచేది. ఆమె అలిగితే ఆయనే చాయ్ పెట్టి తెచ్చి బతిమాలుకునేవాడు. మా అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) మొదట్లో "సిగ్గులేని కొంప" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. కొన్నాళ్లకు "చూడు, చాయ్ జేసి ఎట్ల తెస్తుండో!" అని, గోడవైపు తిరిగి పడుకున్న బాపు వీపుకు వినపడేలా అనసాగింది. బాపు దుప్పటి మీదికి లాక్కునేవాడు. బాపుకు ఆ సీరియల్ గిట్టదనే మా అందరి నమ్మకం.

పన్నెండో తరగతి అయ్యాక నాకు నాగపూర్‌లో నర్సు ట్రైనింగు సీటొచ్చింది. చేరే గడువు ముంచుకొస్తోంది. "ఆడపోరిని గంత దూరం ఒక్కదాన్నెట్ల తోలుతరు?" అని రేడియో అత్త ఊదడంతో, బాపును అడగడానికి అవ్వ జంకింది. ఆ సీరియల్లో కూతురు ఏం కావాలన్నా తండ్రి ఎదురుగా కూర్చుని అడిగేది. ఆయన విని, నవ్వి, సరేననేవాడు. నాకు అదే దారి కనిపించింది. ఆదివారం పొద్దున బాపు వాకిట్లో గడ్డం గీసుకుంటుంటే, చుట్టాలొస్తే తప్ప బయటికి తీయని కప్పూ సాసరులో చాయ్ పట్టుకెళ్లి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. (అలా కూర్చోవడం అదే మొదలు.) తెలుగులో ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ధైర్యమంతా హిందీలోనే నేర్చుకున్నాను కదా! కళ్లు మూసుకుని, "పాపా, ముఝే ఆప్ సే కుఛ్ బాత్ కర్నీ హై" అనేశాను. (మీతో ఒక మాట మాట్లాడాలి అని.)

బాపు చేతిలో రేజరు ఆగిపోయింది. సగం మొహం నురగ.

"ఎవడాడు?" అన్నాడు.

"ఎవరు బాపూ?"

"గదే అడుగుతున్న. మన దిక్కోడా, మరాఠోడా?"

లోపలినుంచి అవ్వ పరుగెత్తుకొచ్చి, ఏం జరిగిందో తెలుసుకోకుండానే ఏడుపందుకుంది. "నేనేం జేసిన?" అని నేనూ ఏడ్చాను.

"నాకు తెల్వదనుకున్నవా? టీవీల ఆ పోరి గిట్లనే కప్పుల చాయ్ తెచ్చింది. గిదే మాట అన్నది. ఎనుకనే ఒకణ్ని తోల్కచ్చి, గీయన్నే లగ్గం జేసుకుంట అన్నది!"

అవ్వ ఏడుపు టక్కున ఆగింది. "అంటే నువ్వు సూస్తున్నవా?"

"నేనేడ సూసిన? గోడదిక్కు పండుకుంటే చెవులు మూసుకపోతయా?"

"కప్పుల చాయ్ తెచ్చింది నీ చెవులకు కనవడ్డదా?"

బాపు నురగ చాటున ఎంత ఎర్రబడ్డాడో తెలియదు. ఆ సందులో నేను ముక్కు ఎగబీలుస్తూ, "లగ్గం గాదు బాపూ. నర్సు ట్రైనింగుకు నాగపూర్ పోతనని అడుగుదామనొచ్చిన" అన్నాను.

పైకప్పు కూలబోయి ఆగినప్పుడు గనిలో మనుషులు వదిలే ఊపిరి ఎలా ఉంటుందో ఆ రోజే బాపు నోట విన్నాను. "గింతేనా! గీ దానికి గింత లొల్లి జేస్తరానే? పో, రేపే పో!" అని చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. ఏడుపులు విని రేడియో అత్త దడి మీదుగా తొంగిచూసి "అయ్యో, ఎవలికేమైంది?" అంది. "ఏంగాలే అక్కా! మా బిడ్డ నర్సుకు వోతుంది" అన్నాడు బాపు, ప్రాణం లేచొచ్చిన గొంతుతో. మధ్యాహ్నానికి కాలనీ అంతా తెలిసిపోయింది. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎవరికీ వీల్లేకుండా పోయింది.

దిగబెట్టడానికి బాపే వచ్చాడు. బస్సు వరోరా దాటాక మెల్లగా, "బిడ్డా, ఇగ ఏమన్న అడగాల్నంటే తెలుగుల అడుగు. హిందీల అడిగితే నాకు గుండె దడ" అన్నాడు. ఆయన భయపడి, తేరుకుని, ఆ సంతోషంలో ఇచ్చిన వరమే ఆ "రేపే పో" అని నాకు అప్పుడు తట్టనేలేదు. కొత్తకాలపు పద్ధతిలో మాట్లాడి తండ్రిని ఒప్పించానని హాస్టల్లో ఎన్నాళ్లో గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ బస్సులోని పిల్ల, అంటే అప్పటి నేను, ఎదురైతే అసలు సంగతి చెప్పాలనిపిస్తుంది. మళ్లీ, కిటికీ పక్కన ట్రంకుపెట్టె మీద కాళ్లు పెట్టుకుని అంత గర్వంగా కూర్చున్నదాన్ని చూశాక, పోనీలే, నాగపూర్ దాకా అలాగే పోనీ అనుకుంటాను.