సగంలో వదిలేసిన రైలు

మొన్న ఉక్కునగరం నుంచి తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడింది. కారు నడుపుతున్న మా కోడలు ఇంజను ఆపేసి, ఊరికే కూర్చోలేక, ఎదురుగా పోతున్న గూడ్సు పెట్టెల్ని పైకే లెక్కపెట్టడం మొదలెట్టింది. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడింది, నవ్వింది, పెట్టేసింది. రైలు ఇంకా పోతూనే ఉంది. "ఎన్నయ్యాయమ్మా?" అన్నాను. "ఏమో అత్తయ్యా, మధ్యలో వదిలేశాను కదా," అంది అద్దంలో బొట్టు సరిచేసుకుంటూ. నేను ఆ పిల్లని నోరు తెరుచుకుని చూశాను. ఎంత తేలిగ్గా వదిలేసింది! అదే పని చెయ్యడానికి మా అత్తకి ఒక ఆసుపత్రి, ఒక డాక్టరు, ఎన్నో నెలల కన్నీళ్ళు కావాల్సొచ్చాయి.

అత్త అంటే మా మేనమామ భార్య. డెబ్బైల చివర్లో కాలేజీ చదువు కోసం నన్ను మా ఊరి నుంచి తెచ్చి వాళ్ళింట్లో దింపారు. వన్ టౌన్‌లో, ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు మీద మేడ. కింద నుంచి ఉల్లిపాయల ఘాటు, సముద్రం వైపు నుంచి చేపల వాసన, ఇంటి వెనక పట్టాల మీద పోర్టుకి ఇనుప ఖనిజం మోసే గూడ్సులు పోతుంటే ఎర్రటి దుమ్ము. పొద్దున్న ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కాషాయమైపోయేది. మావయ్య పోర్టులో క్రేను నడిపేవాడు గానీ, బట్టల్ని బట్టి చూస్తే సన్యాసుల్లో కలిసిపోయేవాడు. అత్తకి మాత్రం ఆ కళ నిజంగానే ఉండేది. ఎప్పుడు చూసినా పెదాలు కదులుతూ ఉండేవి. కిటికీ దగ్గర నిలబడినా, మెట్లు దిగినా, ఆఖరికి పోపు వేస్తున్నా సరే. పిలిస్తే పలికేది కాదు. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదటి నుంచి అందుకునేది. మా ఇంట్లో పోపు మాడని రోజు లేదు. దాన్నీ మేం భక్తిగానే తిన్నాం.

ఎందుకంటే అది జపమనుకున్నాం. వీధి వీధంతా అనుకుంది. కింది కొట్టు షావుకారు గోనెల మధ్య నుంచి లేచి దండం పెట్టేవాడు. చేపలమ్మే ఆవిడ గంప దించి మరీ "దండాలమ్మా" అనేది. పరీక్షల ముందు నేనూ కాళ్ళకి దండం పెట్టాను, లెక్కల్లో కూడా పాసయ్యాను. నమ్మడానికి ఇంకేం కావాలి! కష్టమల్లా ఏమిటంటే, అత్త వీధిలోకి దిగినప్పుడల్లా ఎవరో ఒకరు పలకరించేవారు. అత్త ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, మెట్లన్నీ ఎక్కి, మళ్ళీ పైనుంచి దిగడం మొదలెట్టేది. మళ్ళీ ఇంకెవరిదో దండం. చివరికి దిగడమే మానేసింది. "గడప దాటడం నేదు, ఎంత నిష్ఠో సూడండి" అని వీధి ఇంకాస్త వంగి దండం పెట్టింది.

ఎనభైల మొదట్లో మా వదిన, అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, పురిటికి వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం మావయ్య భోంచేస్తుంటే అత్త ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. పెదాలు కదలడం లేదు, వణుకుతున్నాయి.

"నాను జపం సేత్తన్నాననుకుంతన్నారు గదా. జపం నేదు, ఏటీ నేదు. లెక్కెడతన్నాను," అంది.

మావయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అత్త అంతా చెప్పింది. ఎన్నో ఏళ్ళ కిందట ఒక తుఫాను రోజు మావయ్య డ్యూటీ నుంచి ఎంతకీ రాలేదట. భయం పట్టలేక కిటికీలోంచి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టిందట. ఆఖరి పెట్టె దాటడం, మెట్ల మీద మావయ్య చెప్పుల చప్పుడు వినబడడం ఒక్కసారే జరిగాయట. మర్నాటి నుంచి లెక్క తప్పకూడదనిపించింది. తర్వాత పెట్టెలు చాల్లేదు. మెట్లు, కిటికీ ఊచలు, పోపులో చిటపటలాడే ఆవాలు. తప్పితే మావయ్య క్రేను మీంచి పడిపోతాడని భయం. అది ఉత్త భయమని తనకి తెలుసు, అయినా ఆపడం చేతకావడం లేదు.

"రేపు మన పిల్లకి పుట్టే గుంట ఏడుత్తాది. నాను లెక్కలో ఉంతాను. అయ్యేదాకా ఎత్తుకోనేను. మద్దిలో ఆపితే నీకేటవుద్దోనని బయ్యం. నన్నాసుపత్రికి తీస్కెల్లు," అంది.

మావయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఆ పిచ్చాసుపత్రికా? ఊరోలేటనుకుంతారే?"

"ఊరోలు దండాలెడతారు. గుంటనెవులెత్తుకుంతారు?"

దేవతని చేసి కూర్చోబెట్టిన వీధిలో, నేను దేవతని కాను, నాకు జబ్బుగా ఉంది అని చెప్పడానికి ఎంత గుండె కావాలి! అంతకు ముందు పెట్టింది పరీక్షల దండం. ఆ మధ్యాహ్నం మనసులో పెట్టుకున్నదే అసలు దండం.

వెళ్ళే రోజు చిక్కంతా మెట్ల దగ్గరే. మావయ్య ముందే కిందికి దిగి, "ఈయేల దాన్నెవులూ పలకరించకండి బావా, మీకు పున్నెముంటాది" అని షావుకారుని, అటూ ఇటూ వాళ్ళని బతిమాలాడు. జనం అది మౌనవ్రతమనుకున్నారు. అత్త లెక్కపెట్టుకుంటూ దిగింది. షావుకారు తూకం ఆపేశాడు. రిక్షావాడు బెల్లు కొట్టలేదు. చేపలావిడ గోడవారకి జరిగి చేతులు జోడించింది. తెల్లారితే కేకలతో దద్దరిల్లే ఆ సందులో అత్త చెప్పుల చప్పుడొక్కటే వినబడింది. రెండు వైపులా చేతులు జోడించి నిలబడ్డ జనం మధ్య నుంచి మా అత్త మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళింది. ఊరేగింపు విగ్రహాలకి కూడా అంత మర్యాద జరగడం నేను చూడలేదు.

డాక్టరు నవ్వలేదు, కసరలేదు. అంతా విని, "లెక్కపెట్టుకోవడం చాలామందికి ఉంటుందమ్మా. ఆపుదామన్నా ఆపలేకపోతున్నప్పుడు, దానివల్ల చెయ్యాల్సిన పనులు ఆగిపోతున్నప్పుడు మా దగ్గరికి రావాలి. ఇంకా ముందే రావాల్సింది, అయినా మించిపోయిందేం లేదు," అన్నాడు. మందులిచ్చాడు. మందులకన్నా చేదైన పని ఇంకోటి అప్పజెప్పాడు. లెక్క సగంలో ఆపేసి, ఆ భయాన్ని అలాగే ఉండనిచ్చి, అది తనంతట తను తగ్గేదాకా కూర్చోవాలి. "ఏం కాదులే" అని పదే పదే ఊరడించకుండా ఉండడం మా వంతు. వినడానికి ఎంత చిన్న పని! అత్త కిటికీ ఊచ పట్టుకుని చెమటలు కక్కుతుంటే, కొండంత బరువులెత్తే క్రేను మావయ్య చూడలేక వంటింట్లోకి పారిపోయేవాడు. ఒక్కోరోజు ఓడిపోయి, లెక్క మొత్తం పూర్తి చేసి, ఏడ్చేది. మర్నాడు మళ్ళీ వచ్చి అక్కడే కూర్చునేది.

వదినకి ఆడపిల్ల పుట్టింది. నెల తిరక్కుండా ఒక సాయంత్రం, మావయ్య డ్యూటీలో ఉన్నాడు, వదిన స్నానానికి వెళ్ళింది. వెనక గూడ్సు పోతోంది. అత్త కిటికీ దగ్గర నిలబడి ఉంది, పెదాలు కదులుతున్నాయి. ఉయ్యాల్లో పాప కెవ్వుమంది. నేను లేవబోయి, ఎందుకో ఆగిపోయాను. పెట్టెలు పోతూనే ఉన్నాయి. అత్త కిటికీకి వీపు తిప్పింది. ఉయ్యాల దగ్గరికి వచ్చి పాపని భుజానికెత్తుకుని, "ఒలమ్మ, ఒలమ్మ, ఏటయిందమ్మా" అంది. మొహమంతా చెమట. వెనక రైలు చాలాసేపు పోయింది. తిరిగి చూడలేదు. ఆ ఊళ్ళో నేను తుఫానులు చూశాను, మేడల్లాంటి ఓడలు చూశాను. అంత గొప్ప సంగతి మాత్రం మళ్ళీ చూడలేదు. మావయ్య ఎప్పటిలాగే ఇంటికొచ్చి, భోజనం దగ్గర, ఇవాళ పోపు మాడలేదేమిటని అడిగాడు.

ఆ అలవాటు పూర్తిగా పోయిందని చెప్పను. అప్పుడప్పుడు తలెత్తేది, అత్త దాని దారిన దాన్ని పోనిచ్చేది. ఇప్పుడు అత్తా లేదు, మావయ్యా లేడు. ఆ పాపకి తల నెరుస్తోంది. గేటు లేచింది, కోడలు బండి కదిలించింది. ఆ సాయంత్రం నుంచి ఇప్పటికి ఎన్నేళ్ళయిందో చూద్దామని వేళ్ళు మడవడం మొదలెట్టి, నేనూ మధ్యలో వదిలేశాను. ఇన్నేళ్ళూ ఎవరూ లెక్కపెట్టకుండానే దాటిపోయాయి.