టర్కీ తాత ముట్టని ఫలహారం

రేవు పక్కన నావికుల వసతిగృహంలో వంట చేసే ఆవిడను మేనేజరు మొదలుకొని గేటు కాపలాదారు దాకా అందరూ వదినా అనే పిలుస్తారు. ఓడ దిగినవాడిది ఏ దేశమో తెలిస్తే చాలు, పొద్దున్నే వాడి ముందు ఏం పెట్టాలో ఆవిడకు కొట్టిన పిండి. జపానువాళ్లకు అన్నం, చేప, వేడి వేడి సూపు. ఇంగ్లండువాళ్లకు గుడ్లు, టమాటా రసంలో ఉడికిన చిక్కుడుగింజలు. ఇటలీవాళ్లకు కాఫీ, రెండు తీపి బిస్కెట్లు. "ఇదీ ఒక తిండేనా! ఉయ్యాల్లో పిల్లలు నయం," అని గొణుక్కుంటూనే పెడుతుంది. తన బల్ల దగ్గర నుంచి ఎవరూ ఖాళీ కడుపుతో లేవలేదని చెప్పుకోవడం ఆవిడకు మహా సరదా. వినేవాళ్లు దొరకాలే గానీ, పొయ్యి మీద పాలు పొంగినా పట్టించుకోదు.

అలాంటి మనిషి పరువు తీయడానికే దిగినట్టు దిగాడు టర్కీ తాత. జ్వరం తగ్గి కోలుకుంటున్నాడేమో, ఆలస్యంగా లేచేవాడు. అప్పటికి తోటివాళ్లంతా ఓడ మరమ్మతుకు వెళ్లిపోయేవారు. వదిన ఆయనకు చీజు, ఆలివ్ కాయలు, కీరా ముక్కలు, రొట్టె, టీ తెచ్చి పెట్టేది. తాత ఆవిడను చూసి నవ్వి, పళ్లెం ఆవిడ వైపు జరిపేవాడు. వద్దంటున్నాడనుకుని ఆవిడ ముఖం మాడ్చుకుని తీసేసేది. ఒకరోజు గుడ్లు వేయించింది, ఇంకోరోజు తేనె పెట్టింది. ఊహూ. మధ్యాహ్నం మాత్రం అందరి మధ్యా కూర్చుని ఆవిడ వంటే లొట్టలేసుకుంటూ తినేవాడు. దాంతో ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

"ఎందుకు వదినా అంత బెంగ? రేపు పొద్దున ఓడ ఎక్కేస్తాడుగా," అన్నాడు మేనేజరు.

"అదే కదయ్యా నా బాధ! పొద్దుటిపూట నా చేతి ముద్ద ఒక్కటైనా తినకుండా పోతాడా?"

మర్నాడు ఎక్కువ శ్రద్ధగా అన్నీ అమర్చింది. తాత నవ్వి మళ్లీ పళ్లెం జరిపాడు. వదినకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లెం తీయబోతే ఆయన వద్దన్నట్టు తల ఊపి, మెల్లగా లేచి, ఎదురు కుర్చీ వెనక్కి లాగాడు. రొట్టె తుంచి పెద్ద ముక్క అటువైపు పెట్టాడు. ఆ ముక్కనూ ఆవిడనూ చూపించి, కుర్చీ మీద చేత్తో తట్టాడు.

అప్పటికి గానీ ఆవిడకు బోధపడలేదు. వండిన మనిషి నిలబడి చూస్తుంటే, ఒక్కడే కూర్చుని తినాలంటే ఆయనకు ముద్ద దిగదు. ఇన్నాళ్లూ వద్దని కాదు, కూర్చోమని జరిపాడు.

వదిన కంగారుగా చేతులు తుడుచుకుని కూర్చుంది. ఇన్ని దేశాలవాళ్లకు పెట్టిన మనిషి, తాను పొయ్యి దగ్గర నిలబడి ఇంత టీ గొంతులో పోసుకోవడమే తప్ప, ఆ బల్ల ముందు ఏనాడూ కూర్చోలేదు. కాళ్లకు ఎంత హాయిగా ఉందో! ఆవిడ రొట్టె కొరికాకే తాత మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు.

"అమ్మో, ఈ చీజు ఇంత ఉప్పనా? ఇన్నేళ్లుగా పెడుతున్నాను, ఒక్కరూ చెప్పలేదే!"

ఒక్క ముక్క అర్థం కాకపోయినా తాత పగలబడి నవ్వాడు.

"వదినా, ఓడకు వెళ్లే బండి వచ్చేసింది!" అని గుమ్మంలోంచి మేనేజరు కేకేశాడు.

ఆవిడ వెనక్కైనా తిరగలేదు.

"ఆగమనవయ్యా, నేనింకా తింటున్నాను."