కుండ మీద మీసం

దేశచరిత్రలో కొన్ని తేదీలను పిల్లలు బట్టీ పడతారు, కొన్నింటిని పట్టరు. 1932వ సంవత్సరం శ్రావణమాసంలో ఒక బుధవారం నాడు, ఏలూరు తూర్పువీధిలో గంగరాజు మేస్త్రీ ఓటికుండ నొకదాన్ని బోర్లించి, బొగ్గు నూరి ఆముదంలో కలిపి, దానికి మీసం గీశాడు. ఇది రెండో రకం తేదీ. అశోకుడు బండల మీద శాసనాలు చెక్కించాడు, అవి నిలిచాయి. గంగరాజు మీసం వానాకాలంలో రెండు నెలలు నిలిచేది. తేడా అంతే.

కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కట్టడం కొత్త సంగతేమీ కాదు. చిరిగిన చొక్కాలో గడ్డి కూరి, కుండను తలకాయగా పెట్టి, సున్నంతో కళ్ళు దిద్ది పరంజాకు వేలాడదీస్తే నరుడి కన్ను గోడ మీద పడకుండా బొమ్మ మీద పడుతుంది. ఏ మేస్త్రీ అయినా చేతికొచ్చిన మొహం గీసి పారేస్తాడు. గంగరాజు అలా కాదు. పునాది తవ్వకముందే కుండ తెప్పించేవాడు. స్నానం చేసి కూర్చునేవాడు. మీసం కుడి కొస ఎడమ కొస కంటే రెండు వేళ్ళు పైకి ఉండాలి. ఉండకపోతే తుడిచి మళ్ళీ గీసేవాడు. బొమ్మ మొహం ఎప్పుడూ తాడేపల్లిగూడెం వైపే తిప్పి కట్టేవాడు.

తాడేపల్లిగూడెంలో కంట్రాక్టరు భావయ్య ఉండేవాడు. ఆ మీసం భావయ్యది.

సంగతేమిటంటే, గంగరాజు తండ్రి పేరయ్య మేస్త్రీ. తాతల నాటి తాపీపని, తాతల నాటి ఇత్తడి తూకపు గుండు. పేరయ్య గుండు వదిలి దారం నిలిచాక, గోడ నిటారుగా ఉందా లేదా అని మరొకరిని అడిగే అలవాటు ఆ జిల్లాలో లేదు. అలాంటి పేరయ్యని 1931లో భావయ్య తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర సత్రం కట్టడానికి పిలిచాడు. మేస్త్రీకి రావలసింది కొల్లేటి నత్తగుల్లలు కాల్చి గానుగ పట్టిన సున్నం. వచ్చింది ఏదో బూడిదరంగు పదార్థం. పేరయ్య వేళ్ళమధ్య నలిపి, "ఇందులో ఒండ్రు కలిసిందండీ," అన్నాడు. "నీకు చత్వారం వచ్చిందయ్యా," అన్నాడు భావయ్య.

వానలకి సత్రం ఉత్తరపు గోడ కడుపుతో ఉన్నదానిలా ముందుకొచ్చింది. ఓవర్సీరు వచ్చి నిలబడ్డాడు. గంగరాజుతో పాటు నలభై మంది కూలీలు చూస్తూండగా భావయ్య కుడి చేత్తో మీసం ఒకసారి పైకి తిప్పి, అదే చేత్తో పేరయ్య గుండు దారం పుటుక్కున తెంపి, "ఈ ముసలాడి గుండుకే తూకం లేదండీ, గోడకెక్కణ్ణుంచి వస్తుంది?" అని గుండుని ఏలూరు కాలవలోకి విసిరేశాడు. ఆ కాలవ నేరుగా ఏలూరే వెళుతుంది గాని, ఇత్తడి గుండు గనుక ఈదలేదు.

పేరయ్య మళ్ళీ తాపీ పట్టలేదు. ఏడాది తిరిగేసరికి పోయాడు. చివరి రోజుల్లో ఎవరొచ్చినా ఒకటే మాట: "నా గుండు తప్పు కాదురా." వచ్చినవాళ్ళు "కాదులే మావా," అనేవాళ్ళు. అనడం వేరు, నమ్మడం వేరు. అది పేరయ్యకీ తెలుసు.

పదోరోజున కాలవగట్టున గంగరాజుకి తలా మీసమూ తీశారు. తండ్రి గుండు కాలవలో పోయింది, కొడుక్కి గుండు కాలవగట్టున అయింది. ఆ తడిగుడ్డల మీదే గంగరాజు మూడు ఒట్లు పెట్టుకున్నాడు. ఒకటి, నా తండ్రి గుండు తప్పు కాదని భావయ్య పదిమందిలో ఒప్పుకునేదాకా వాడి మొహం చూడను. రెండు, అప్పటిదాకా నా మీసానికి మంగలికత్తి తగలనివ్వను. మూడు, నేను కట్టే ప్రతి గోడ మీదా వాణ్ణి వేలాడదీస్తాను, ఊళ్ళో ఉన్న పాడుకళ్ళన్నీ వాడి మీదే పడాలి.

మొదటి ఒట్టుకీ మూడో ఒట్టుకీ మధ్య ఉన్న చిక్కు ఆ రోజు గంగరాజుకి తట్టలేదు. తడిబట్టలతో ఉన్న మనిషికి అంత దూరం ఆలోచన పోదు.

మర్నాటి నుంచి ఒకరికింద పనిచేయడం మానేశాడు. గుమ్మం పక్కన రేకు బోర్డు వెలిసింది: "పి. గంగరాజు, బిల్డింగు కంట్రాక్టరు." ఇత్తడిపనివాడి దగ్గర కూర్చుని కొత్త గుండు పోయించాడు. మొదట ఒక వంటిల్లు కట్టాడు. తరవాత పెదవేగిలో ఒక రైతుకి ధాన్యపు కొట్టు. ఆ తరవాత నల్లజర్లలో బడి. అది భావయ్యకి ఖాయమైపోయిందనుకున్న పని. ఆ వార్త విన్న రోజున గంగరాజు భార్య చేత గారెలు వండించాడు. ఏడాదికొకటి రెండుగా భావయ్య పనులు ఇటు వచ్చాయి. సున్నం దగ్గర పాపాయమ్మని పెట్టాడు. నలభై ఏళ్ళ మనిషి, గానుగ తిప్పే ఎద్దుకి కూడా ఆమె అంటే భయం. ఆమె చిటికెడు సున్నం నాలిక్కి రాసుకుని "ఊఁ" అంటేనే తట్ట లేచేది.

పగ మాత్రం చల్లారలేదు. గోదావరి జిల్లాలో పగ కూడా మర్యాదగానే ఉంటుంది గనుక పైకి ఎవరికీ తెలియలేదు. భావయ్య ఎప్పుడైనా ఏలూరు బజారులో ఎదురొస్తే గంగరాజు గిరుక్కున గోడవైపు తిరిగి, వేలి కణుపుతో ఆ గోడని టకటక కొట్టి వినేవాడు. "పని మీద ఎంత శ్రద్ధండీ!" అని ఊరు మెచ్చుకుంది. ఆ టకటకకి పొంగిపోయిన ఇద్దరు షావుకార్లు తమ ఇళ్ళ పని ఆయనకే ఇచ్చారు.

ఒక సాయంత్రం ఆయన కుండ ముందేసుకుని మీసం దిద్దుతుంటే భార్య వెంకటనరసమ్మ కాఫీ తెచ్చి నిలబడిపోయింది.

"ఏవండీ, ఈ మొహం నాకు బాగా తెలిసిన మొహంలా ఉందండీ."

గంగరాజు దిద్దడం ఆపాడు. "ఎవరంటావు?"

"నోటిదాకా వస్తోంది, పేరు రావటంలేదు. రోజూ చూసే మొహమే."

"ఆలోచించు," అన్నాడు గంగరాజు, కుడి చేత్తో తన మీసం పైకి తిప్పుకుంటూ. ఇంట్లో ఆడదానికే పోలిక దొరికిపోతే ఊరికి దొరకదా అని ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అలా ఆరేళ్ళు. ముప్ఫై ఏడు కుండలు.

1938 కార్తీకంలో కొల్లేరు పొంగి తీశాక, ఒకరోజు గంగరాజు దొడ్లో ఇటుకలు లెక్కపెట్టిస్తూండగా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏవయ్యా గంగరాజూ, బావున్నావా?"

ఆ గొంతు కాలవలో పడ్డ గుండుతో పాటు ఏడేళ్ళుగా చెవిలో ఉన్నదే. గంగరాజు తిరగలేదు. ఇటుకల దొంతితోనే మాట్లాడాడు.

"బావున్నామండి. ఏం పని మీద దయచేశారు?"

"మండవల్లిలో మన ధాన్యం కొట్టు గోడ పొట్టోసిందయ్యా. నీళ్ళు తీశాక చూస్తే పడేలా ఉంది. నా మేస్త్రీలందరూ నీ దగ్గరే చేరారాయె. నువ్వే వచ్చి చూడాలి."

"చూస్తానండి. రెండు షరతులండి."

"చెప్పవయ్యా. ఇటు తిరిగి చెప్పు, ఇటుకలకేం చెబుతావు?"

"తిరగనండి. ఒకటి, మండవల్లిలో పదిమందిని పోగుచేసి, వాళ్ళ ముందు, మా నాన్నగారి గుండు తప్పు కాదని తమరు చెప్పాలండి. రెండు, నా దిష్టిబొమ్మ మీ గోడకి కట్టుకోవాలండి."



"అంతేనా?" అన్నాడు భావయ్య.

ఆ "అంతేనా" గంగరాజుకి నచ్చలేదు. అయినా మర్నాటికి బండి కట్టించాడు. పాపాయమ్మ కుండ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

మండవల్లిలో పదిమంది కాదు, అరవై మంది చేరారు. చేపల బుట్టలు దింపి కొందరు, కోతకి పోతూ కొడవళ్ళతో కొందరు. గంగరాజు నేల చూపులతో నడిచి, గోడ మీద నుంచి కొత్త గుండు వదిలాడు. దారం నిలిచింది. గోడ మధ్యలో నాలుగంగుళాలు ముందుకుంది. అందరూ గుండుని చూస్తున్నారు. ఏడేళ్ళుగా ఆయన నిద్దట్లో కూడా కట్టుకున్న ఘడియ ఇదే.

"చెప్పండి," అన్నాడు, గుండు మీంచి చూపు ఎత్తకుండా.

భావయ్య సంతలో బియ్యం ధర చెప్పినట్టు చెప్పాడు.

"పేరయ్య గుండు తప్పు కాదయ్యా. అది ఆ రోజే తెలుసు నాకు. సున్నంలో సగం ఒండ్రు, నేనే కలిపించాను. ఓవర్సీరు ఎదట ఏదో ఒకటి అనాలి కదా. చేతికి దగ్గరగా మీ నాన్న గుండుంది." కాస్త ఆగి, "పెద్దమనిషి. బాధపడ్డాడా?" అన్నాడు.

అరవై మందిలో ఒకడు "ఏ పేరయ్య?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడికీ తెలియదు.

ఒట్టు తీరింది. గంగరాజు తలెత్తి భావయ్య మొహం చూశాడు.

మీసం లేదు. కుడి కొసా లేదు, ఎడమ కొసా లేదు. పళ్ళూడి బుగ్గలు లోపలికి పోయిన ఒక పొట్టి ముసలాయన, ఎండకి చెయ్యి అడ్డంపెట్టుకుని చూస్తున్నాడు.

"తమరి మీసం ఏమైందండీ?"

"అది పోయి ఆరేళ్ళైందయ్యా. మనవడికి జబ్బు చేస్తే చిన్నతిరుపతిలో మొక్కిచ్చాను. మళ్ళీ పెంచబోతే వాడు గుచ్చుకుంటోంది తాతా అన్నాడు. వదిలేశాను."

గంగరాజు వేళ్ళమీద లెక్క చూసుకున్నాడు. ముప్ఫై ఏడు కుండల్లో ముప్ఫై అయిదు తప్పు.

"బొమ్మ కడతానన్నాను," అన్నాడు, ఇంకా ఏదో మిగిలే ఉన్నట్టు. "అది ఎవరి బొమ్మో తమకి తెలుసాండీ?"

"తెలీకపోవడమేంటయ్యా, నీదేగా! జిల్లా అంతటా తెలుసు. మిగతా కంట్రాక్టర్లు బోర్డులు రాయించుకుంటారు, గంగరాజు ఏకంగా తలకాయే పెడతాడు అంటారు. ఆ మీసం చూసే కదయ్యా, ఇది గంగరాజు గోడ, గట్టిదీ అని నేను నీ దగ్గరికొచ్చింది."

అరవై మందీ కుండ వంకా గంగరాజు వంకా మార్చి మార్చి చూశారు. కుడి కొస రెండు వేళ్ళు పైకి. "అచ్చు దిగిపోయిందండీ!" అని ఒక ముసలామె ముక్కున వేలేసుకుంది.

గంగరాజు కుండ అందుకుని, పైపంచె తడిపి మీసం శుభ్రంగా తుడిచేశాడు. బొగ్గు తీసుకుని భావయ్యని ఎదురుగా నిలబెట్టి, మొదటిసారి మనిషిని చూస్తూ గీశాడు: గుంటబుగ్గలు, బోసినోరు, ఉత్త పైపెదవి. పోలిక బాగా కుదిరింది. పరంజాకు కట్టి, తాడేపల్లిగూడెం వైపు తిప్పబోయి, భావయ్య ఇక్కడే ఉన్నాడని గుర్తొచ్చి, ఎటు తిప్పాలో తెలియక అలాగే వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే పనిలోకొచ్చేసరికి కుండకి మీసం ఉంది. కుడి కొస రెండు వేళ్ళు పైకి.

"మీసం మర్చిపోయారండీ, మేస్త్రీగారూ," అంది పాపాయమ్మ, చేతికంటిన మసి చీర చెంగుకి తుడుచుకుంటూ. "నేను దిద్దేశాను. అది లేకపోతే మీ పనని ఎవరికి తెలుస్తుందండీ?"

గంగరాజు గుండు వదిలి, దారం నిలిచేదాకా చూశాడు. విప్పి కట్టాల్సిన గోడ పద్దెనిమిది అడుగుల పొడవు. పదకొండో రోజుకి అయిపోయింది.