కాకి ముద్ద తిన్న పాస్టరుగారు

చదువు నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది. స్వర్గం, నరకం లెక్కలు నాకు రావు. పబేడాన్ పేటలో కొట్టు దగ్గర పరోటాలు కాల్చడం వచ్చు. అయినా నిరుడు మా ఇంట్లో వేదాంతం తప్ప వేరే మాట లేదు.

అమ్మకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు తాకేటా పేటలోని తెలుగు చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని గంజి తెచ్చారు. లేచి తిరిగాక అమ్మ బాప్తిస్మం తీసుకుంటానంది. అందరూ సంతోషించారు, ఆవిడ పాస్టరుగారిని ఒక మాట అడిగేదాకా.

"మాయమ్మ ఏ లోకంలో ఉంది, అయ్యగారూ?"

మా అమ్మమ్మ నదికి అవతల దలాలో చేపలు ఎండబెట్టుకుని బతికింది. యేసు పేరు చెవిన పడకుండానే పోయింది. ఆవిడ నరకంలో ఉంటే తను స్వర్గానికి వెళ్లనని అమ్మ పట్టు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నమ్మినవాళ్లకే రక్షణ అంటారు కొందరమ్మా. విననివాళ్లను దేవుడు వాళ్ల మనస్సాక్షిని బట్టి చూస్తాడంటారు ఇంకొందరు."

"ఆళ్ల సంగతి ఒగ్గీండి. మీరేటంటారు?"

ఆలోచించి చెప్తానని ఆయన గొడుగు తీసుకున్నారు.

"స్వర్గానికి కూడా బేరమాడుతున్నావేటమ్మా?" అన్నాను.

"నువ్వు పరోటా తిప్పుకోరా."

ఈలోగా అమ్మమ్మ తిథి వచ్చింది. ఏటా ఆ రోజు అమ్మ ఎండురొయ్యలేసి గోంగూర వండి, మొదటి ముద్ద పిట్టగోడ మీద కాకికి పెడుతుంది. ఇక ఆ పని కూడదని చర్చి ఆడవాళ్లు మెల్లగా చెప్పారు. అమ్మ వండడం మానలేదు. పాస్టరుగారిని భోజనానికి పిలిచి, ఆ మొదటి ముద్ద ఆయన ఆకులో వేసింది.

"కాకికెట్టొద్దన్నారు కదా. మీరు తినీండి."

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా ఆకు వైపే చూస్తున్నారు.

"ఇది ఆవిడకు పెట్టిందా, నాకా?"

"ఆవిణ్ణి తలుసుకొని మీకెట్టింది."

ప్రార్థన చేసుకుని తిన్నారు. అమ్మ ఎదురుగా కూర్చుంది.

"మాయమ్మ బతికున్నప్పుడు మీ చర్చి ఉంది. దలాకి పడవా ఉంది. మీవోళ్లు ఎవులూ ఎక్కలేదు. తప్పు మాయమ్మదేటి?"

"కాదు." ఆ మాటకు మాత్రం ఆలోచించలేదు ఆయన. "ఆవిడ ఎక్కడుందో నాకు తెలీదమ్మా. తెలుసని అబద్ధమాడలేను. మా తప్పు దేవుడు ఆవిడ నెత్తిన వేయడని మాత్రం నమ్ముతున్నాను."

అమ్మ ఇంకో గరిటె గోంగూర వేసింది.

ఆయన వెళ్లాక అడిగాను, "తెలీదన్నారు కదే?"

"తెలీందాన్ని తెలీదన్నాడు. ఆయన సేతిలో మునుగుతాను."

ఆదివారం చర్చి తొట్టిలో నడుం లోతు నీళ్లలో అమ్మను నిలబెట్టి, నమ్ముతున్నారా అని అడిగారు.

"నమ్ముతున్నాను. పైకెల్లాక ముందు మాయమ్మ కోసమే అడుగుతాను. సెప్పకపోతే గుమ్మంలోనే కూకుంటాను."

"ఆయన్నే అడగండమ్మా" అని పాస్టరుగారు ఆవిడను ముంచి లేపారు.

తడి చీరతో మెట్లెక్కుతూ అమ్మ వెనక్కి తిరిగింది. "మరి దలా పడవ ఎప్పుడెక్కుతారు?"

ఆ మధ్యాహ్నమే ఎక్కాం. వాళ్లిద్దరి మధ్య, గోంగూర గిన్నె ఒళ్లో పెట్టుకుని నేను.