బండి నిండింది

ఆ దర్జీ ఆవిడ ఇంట్లో, ఆమె ఇరవై ఆరు రోజుల పసివాడికి నిద్ర కరువైంది. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కనే ఉయ్యాల, ఎదురుగా వీధి గుమ్మం. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ పోతూ పోతూ వాడి బుగ్గ గిల్లి పోవాల్సిందే.

మొన్న తూకం వేసిన నర్సు పెదవి విరిచింది. "బరువు పెరగలేదు. నిద్ర చాలక రెండు గుక్కలు తాగి వాలిపోతున్నాడు. బిడ్డ మొహం తిప్పుకుంటే ఇక చాలు, వదిలేయండి అని అర్థం. సోమవారం కూడా ఇంతే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అంది.

ఆ మాట ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. "చప్పుళ్ళకి అలవాటు చేయకపోతే రేపు చీమ చిటుక్కుమన్నా లేస్తాడు" అని అత్తగారు గిన్నెలు మరింత గట్టిగా తోమింది. బస్సు కండక్టరైన మొగుడు డ్యూటీ దిగి గుమ్మంలో అడుగు పెడుతూనే "నా దొర ఏడీ!" అని కేక పెట్టేవాడు. గొంతు తగ్గించవయ్యా అని చెప్పి చెప్పి దర్జీకి నోరు నొప్పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

శనివారం పొద్దున ఆమె పెరట్లో గుడ్డలు ఆరేసి వచ్చేసరికి ఉయ్యాల ముందు జనం వరస కట్టి ఉన్నారు. ఏడేళ్ళ పెద్దకూతురు తండ్రి పాత తోలుసంచి మెడలో వేసుకుని, ఆయన ఆడుకోమని ఇచ్చిన పనికిరాని టికెట్లు చింపి ఇస్తోంది. దాని తమ్ముడు, నాలుగేళ్ళ బుడ్డోడి నోట్లో ఈల. వీధి పిల్లలు ఐదుగురు, పక్కింటావిడ, చివర టికెట్టు పట్టుకుని సాక్షాత్తూ అత్తగారు.

పసివాడు మొహం అటు తిప్పుకున్నాడు.

"అటు రండి, అటు! వాడు అటే చూస్తున్నాడు" అంది పెద్దది. వరస అటు కదిలింది. వాడు ఇటు తిప్పుకున్నాడు. వరస ఇటు కదిలింది. బుడ్డోడు ఈల ఊదాడు. పసివాడు ఉలిక్కిపడి, పిడికిళ్ళు బిగించి గుక్క పట్టాడు.

దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది ఇల్లా, బస్టాండా? వాడు చూడ్డంలేదే, పారిపోతున్నాడు! కాళ్ళు రాక మొహంతో పారిపోతున్నాడు! మీరు కూడానా అత్తయ్యా?"

"పిల్ల ముచ్చటపడి ఇస్తేనూ..." అని అత్తగారు నసిగింది.

ఒక్క నిమిషంలో గది ఖాళీ. దర్జీ ఉయ్యాలను లోపలి గదికి మార్చి, కర్టెన్ వేసి, పెద్దదాన్ని ఆ గడప దగ్గర పీట వేసి కూర్చోబెట్టింది. "నువ్వే కండక్టరువి. బండి నిండింది. మీ నాన్నొచ్చినా ఎక్కనివ్వకు."

మధ్యాహ్నం మొగుడు వచ్చాడు. "నా దొ..." అన్నాడో లేదో, పెద్దది అరచెయ్యి అడ్డం పెట్టింది. "బండి ఫుల్. వెనక బండికి రండి." ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ తను చెప్పే మాట. ఆయన నోరు మూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచాడు. ఇన్నాళ్ళూ తన మాటకి లేని విలువ ఆ చిత్తుకాగితాల ఆటకు ఉన్నందుకు దర్జీకి ఇంకా మండింది.

ఆ మంటతోనే విసవిసా వచ్చింది. "ఏమే, పడుకున్నాడా?" అంటూ కర్టెన్ మీద చెయ్యి వేసింది.

పెద్దది లేచి అడ్డం నిలబడింది. "బండి నిండిందమ్మా."

"నేను అమ్మనే!"

"అందరికన్నా ఎక్కువ లేపేది నువ్వే. పడుకున్నాడా అని వంగి చూస్తావు, దుప్పటి సర్దుతావు, మామీద అరుస్తావు. వాడు లేస్తాడు."

కొట్టడానికి దర్జీ చెయ్యి పైకి లేచింది. లోపల పసివాడు నిద్రలో సన్నగా మూలిగాడు. చెయ్యి దిగిపోయింది. పొద్దుట్నుంచీ అందరి మీదా విరుచుకుపడ్డ కోపం ఇప్పుడు తన మీదికే తిరిగింది. అది అన్నిటికన్నా ఎక్కువ మండింది.

"నాకూ ఒకటియ్యవే" అంది, గొంతు తగ్గించి.

పెద్దది ఒక టికెట్టు చింపి ఇచ్చింది. దర్జీ దాన్ని పట్టుకుని గడప పక్కనే కూలబడింది. మూడు గంటలు ఎవరూ నోరెత్తలేదు. ఆ తర్వాత లోపలినుంచి ఆకలి ఏడుపు వినిపించింది.

పెద్దది టికెట్టు తీసుకుని మధ్యకి చింపింది. "ఇప్పుడు ఎక్కమ్మా."

ఆ పూట వాడు రెండు గుక్కలకి వాలిపోలేదు.